శనివారానికి ఎర్ర తెర

బిష్కెక్,
నవంబరు 4, మంగళవారం

నానమ్మా,

ఇవాళ పొద్దున్నే మా హాస్టల్ కుళాయిలో వేడినీళ్ళు వచ్చాయి! నిజం. ముందు ఎవరూ నమ్మలేదు. సానియా చెయ్యి పెట్టి కెవ్వుమంది, తర్వాత నలుగురమూ తువ్వాళ్ళు పట్టుకుని పరిగెత్తాం. నా వంతు వచ్చేసరికి మళ్ళీ మంచునీళ్ళే. అయినా రోజు బాగా మొదలైనట్టే అనుకున్నాను, అలాగే జరిగింది. అసలు సంగతి చెప్తాను, ఉండు.

ఇవాళ పాఠంలో మాస్టారు ఊరి మండలి ఎన్నికల గురించి చెప్పారు. జబ్బుతో మంచం పట్టినవాళ్ళు, నడవలేనివాళ్ళు ముందుగా ఒక అర్జీ పెట్టుకుంటే ఓటు పెట్టెనే వాళ్ళ ఇంటికి తెస్తారట! నువ్వు బడి దాకా వెళ్ళనక్కర్లేదు. పెట్టె నీ దగ్గరికి నడిచొస్తుంది. (నడిచి రాదు, ముగ్గురు మనుషులు మోసుకొస్తారు. నాకు 'నడిచొస్తుంది' అని రాయడం బాగుంది.)

వసంతంలో నీకు ఎడమ పక్క పడిపోయినప్పుడు నువ్వు పలక మీద రాసిన మొదటి మాట నాకు గుర్తుంది. "ఇంక నన్ను లెక్కలోంచి తీసెయ్యండి." ఆ రోజు నాకు ఏడుపొచ్చింది, బయటికి వెళ్ళి ఏడ్చాను. చూశావా, ఎవరూ తీసెయ్యలేదు. ఆదివారం, పదహారో తేదీన, నువ్వు పడుకున్న చోటే ఓటు వేస్తావు.

అర్జీ నేనే రాసి దీంతో పంపుతున్నాను. మధ్యాహ్నమంతా కూర్చుని మంచి మంచి మాటలు ఏరి రాశాను, మూడు పేజీలు వచ్చింది. కింద సంతకం పెట్టి నాజిక్ పిన్నితో పంపించు.

నువ్విచ్చిన ఎర్ర తెర నా మంచం చుట్టూ కట్టుకున్నాను. నలుగురున్న గదిలో నాకొక్కదానికే ఇల్లుంది. లోపలి వైపు కాగితం ముక్కల మీద కొత్త మాటలు రాసి గుచ్చుకుంటున్నాను. నీ పెళ్ళి తెర ఇప్పుడు నా నిఘంటువు.

అమ్మానాన్నలు పనికెళ్ళిన కజాన్ నుంచి అమ్మ ఫోన్ చేసింది. నాన్నకి దగ్గు తగ్గిందట.

నీ కుడిచేతికి ముద్దులు, ఎడమచేతికి రెండింతలు,
జిబెక్


తాష్‌కెచూ,
నవంబరు 6, గురువారం

నా వసపిట్టా,

నాలుక మొద్దుబారి నేను మాట్లాడలేకపోతున్నానుగానీ నీకు ఆ బాధ లేదు. ఇద్దరి వాటా నువ్వే మాట్లాడుతున్నావు.

నీ అర్జీ నాజిక్ చదివి వినిపించింది. "శరీరమనే పంజరంలో చిక్కుకున్న పౌరురాలిని" అన్న చోట ఆగి, "పెద్దత్తా, ఇది నువ్వేనా?" అంది. నేను నవ్వితే మూతి ఒక పక్కకే పోతుంది, అది చూసి అదీ నవ్వింది. ఆ మూడు పేజీలూ దాచుకున్నాను. "నడవలేను, పెట్టె పంపండి" అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాను. మర్నాడే సరేనన్నారు. నీ పంజరం సంగతి ఎవరూ అడగలేదు.

ఇక్కడి కబుర్లు. మన వీధి నుంచి మీ చిన్నతాత ఎసెన్‌బాయ్ నిలబడ్డాడు. గెలిస్తే ఊరికి విందుశాల కట్టిస్తాడట. కొత్తగా కట్టేదేమీ లేదు, ఉన్న ఆరోగ్య కేంద్రాన్నే బాగుచేసి బల్లలు వేస్తాడట. రెండు వందల మంది కూర్చోవచ్చట. "జబ్బు చేస్తే కార్లున్నాయి, గంటన్నరలో పెద్ద ఆసుపత్రి. పెళ్ళి చేసుకోవాలంటే ఊళ్ళో చోటేది?" అంటాడు. వినేవాళ్ళకి సబబుగానే ఉంటుంది. ఎదురు నిలబడింది తేనెటీగలు పెంచే తాజిగుల్. నిన్న టీకి వచ్చింది, ఒక గిన్నె తేనె పెట్టి వెళ్ళింది. ఆరోగ్య కేంద్రం జోలికి ఎవరూ పోకూడదు అంటుంది. నెమ్మదిగా మాట్లాడుతుంది, అందుకే ఎవరూ వినరు.

మీ చిన్నతాత చాలా మంచివాడు. నాకు జబ్బు చేసిన వేళ నన్ను వీపున వేసుకుని ఆరోగ్య కేంద్రానికి పరిగెత్తినవాడు. వాడి కోడలు నాజికే నాకు అన్నం పెడుతోంది, స్నానం చేయిస్తోంది. ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో రాశాను, చూసుకో. బిష్కెక్ వెళ్ళే వ్యాన్ వచ్చి తీసుకెళ్ళేదాకా ఉత్తరం కిటికీలో పడి ఉంటుంది కదా.

నిన్ను చాలామంది అడుగుతున్నారు. చదువు ఎప్పటికవుతుంది, ఎంత ఎత్తయింది అని. లోయ అవతలి ఇంటివాళ్ళు కూడా మొన్న వచ్చి అడిగారు.

వెన్న పంపుతున్నాను. సానియా ఒక్కతే తినేస్తే ఊరుకోకు.

నానమ్మ


బిష్కెక్,
నవంబరు 8, శనివారం

నా ముద్దుల ఓటరుకి,

సరేనన్నారా! నేను మంచం మీద ఎగిరాను, తెర కర్ర ఊడి సానియా నెత్తిన పడింది. వెన్నలో సగం దానికిచ్చి రాజీ పడ్డాను.

చిన్నతాత నిలబడ్డాడని నాకెందుకు ముందే చెప్పలేదు? ఎంత బాగుంది! ఆయనకి ఒక ఓటు ఇంట్లోనే ఖాయం. నిన్ను వీపున మోసిన మనిషికి నువ్వు చెయ్యి కదిపి ఓటు వెయ్యడం... దీని మీద నేను ఒక వ్యాసం రాస్తాను. మొదటి వాక్యం అయిపోయింది కూడా: "ఆ వీపుకి ఈ చెయ్యి ఇచ్చిన జవాబు." బాగుందా?

విందుశాల మాట కూడా నాకు నచ్చింది. ఊళ్ళో పెళ్ళంటే గుడారంలో వణుక్కుంటూ కూర్చోవడమేగా ఇప్పటిదాకా. అందులో మొదటి పెళ్ళి ఎవరిదో మరి! నాది మాత్రం కాదు, ముందే చెప్తున్నా.

నాజిక్ పిన్నికి ఫోన్ చేసి చెప్పాను: "నానమ్మ ఓటు వేసే రోజు ఇల్లు పండగలా ఉండాలి. అందర్నీ పిలవండి, నానమ్మ ఒంటరిగా ఉండకూడదు, చుట్టూ మన వాళ్ళుండాలి." పిన్ని "మావయ్యకి చెప్తాను" అంది. గొంతు ఎలాగో ఉంది. తనకి పని ఎక్కువైందేమో, నన్ను తిట్టుకుందేమో. నువ్వు కాస్త చూడు.

లోయ అవతలి ఇంటివాళ్ళంటే ట్రాక్టర్లున్న వాళ్ళేనా? వాళ్ళకి నా ఎత్తుతో ఏం పని?

నీ పంజరపు చిలక మనవరాలు,
జిబెక్


తాష్‌కెచూ,
నవంబరు 10, సోమవారం

జిబెక్,

ఈసారి పొడుగ్గా రాయను. జాగ్రత్తగా చదువు.

నా ఎర్ర తెర నాకు కావాలి. శుక్రవారానికల్లా ఇక్కడుండాలి. వ్యాన్‌లో పంపినా సరే, నువ్వు తెచ్చినా సరే. నువ్వు తెస్తే మరీ మంచిది.

శనివారం ఇంటినిండా మనుషులు. నువ్వు పిలవమన్నావని మీ చిన్నతాత అందర్నీ పిలిచాడు. గొర్రెను కట్టేశాడు. లోయ అవతలి నుంచి కూడా వస్తున్నారు. వాళ్ళు వచ్చేలోపే తెర కట్టి ఉండాలి, వచ్చాక కడితే బాగుండదు.

ఎందుకని అడగొద్దు. కిటికీలో పెట్టే ఉత్తరంలో రాయలేను. ఆ తెర వెనక నేను కూర్చున్ననాడు నా వయసు నీకంటే తక్కువ. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారి అలా జరగనివ్వను.

వస్తే తలకి ఉన్ని గుడ్డ కట్టుకో.

నానమ్మ


బిష్కెక్,
నవంబరు 11, మంగళవారం

జూరాకాన్ నానమ్మగారికి,

అవును, 'గారు' అనే రాశాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు అర్థం కాదనుకున్నావా? పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టే తెర. గొర్రె. ఇంటినిండా చుట్టాలు. లోయ అవతలి ట్రాక్టర్ల వాళ్ళు. తలకి గుడ్డ! ఇంకేం మిగిలింది, చెవులకి దుద్దులు పెట్టి ఖాయం చేసుకోవడమేగా?

పిన్నికి ఫోన్ చేశాను. "శనివారం ఇంట్లో ఏంటి?" అంటే నవ్వింది. "నాకేం తెలియదు తల్లీ, నానమ్మనే అడుగు, తెర మాత్రం మర్చిపోకు" అని పెట్టేసింది. వెనకాల చిన్నతాత గొంతు వినిపించింది, గొర్రె బలిసిందా లేదా అని ఎవరితోనో వాదిస్తున్నాడు.

"ఈసారి అలా జరగనివ్వను" అని రాశావు. అంటే ఏంటి, నన్ను అడిగి మరీ చేస్తారన్నమాట! ఎంత దయ! అడిగితే నా జవాబు ఇదిగో: వద్దు. వాడెవడైనా వద్దు. వాడికి ఎన్ని ట్రాక్టర్లున్నా వద్దు. నేను రెండో సంవత్సరం చదువుతున్నాను, ఇంకా నేర్చుకోవాల్సిన మాటలు బోలెడున్నాయి.

ఎవరు చేసినా సహించేదాన్నేమో. నువ్వా? నాన్న నన్ను నర్సు చదువుకి పంపాలనుకుంటే, "దానికి మాటలంటే ఇష్టం, దాన్ని మాటల దగ్గరికే పంపు" అని పోట్లాడింది నువ్వు కాదూ? అప్పుడు నీకు నాలుక ఉంది. ఇప్పుడది లేకపోతే, నీ మనసు కూడా మారిపోయిందా? నేనింత మాట రాయకూడదు. రాశాను. కొట్టెయ్యను.

తెర పంపను. శనివారం రాను. ఆదివారం పెట్టె వచ్చినప్పుడు చూద్దామని ఎంత ఆశపడ్డానో నీకు తెలియదు. అది కూడా పాడు చేశావు.

జిబెక్

వెన్న డబ్బా తిరిగి పంపుతున్నాను. కడిగాను.


తాష్‌కెచూ,
నవంబరు 13, గురువారం

ఓసి పిచ్చి మొహమా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. నాజిక్ నాకు మూర్ఛ వచ్చిందనుకుని నీళ్ళు చల్లింది. రెండోసారి చదివి, నా నాలుక గురించి రాసిన చోట ఆగిపోయాను. కొట్టెయ్యనక్కర్లేదు. కోపంలో ఉన్నప్పుడు నువ్వు మీ తాతలాగే రాస్తావు, సూటిగా.

ఈ ఉత్తరం కిటికీలో పెట్టడం లేదు. నాజిక్ తన చేత్తో వ్యాన్ డ్రైవర్‌కి ఇస్తుంది. అందుకే అన్నీ రాస్తున్నాను.

పెళ్ళి లేదు, పెళ్ళికొడుకు లేడు. ట్రాక్టర్ల వాళ్ళ అబ్బాయికి ఎనిమిదేళ్ళు. ఆ తెర నాకు.

నీకెవరు చెప్పారు పెట్టె ఆదివారం వస్తుందని? ఆదివారం బడి దగ్గర. ఇళ్ళకి ముందురోజే తెస్తారు. శనివారం, పొద్దున్న పదింటికి. మూడు పేజీలు రాసినదానివి, ఈ ఒక్క ముక్క కనుక్కోలేకపోయావా?

పెట్టె వస్తుంది. అతిథులు వస్తే రొట్టె విరవకుండా పంపం కదా. పండగలా చెయ్యమని నువ్వు ఫోన్‌లో చెప్పావు. ఇంకేముంది, ఎసెన్‌బాయ్ నా మంచం పక్కనే విందు పరుస్తున్నాడు. తను పెద్దపీట మీద కూర్చుంటాడు. అటు చుట్టాలు, ఇటు చుట్టాలు, మధ్యలో ఓటు కాగితం పట్టుకుని నేను. వంగి చూడక్కర్లేదు, తల తిప్పితే చాలు.

నేను తాజిగుల్‌కి వేస్తాను, జిబెక్.

ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. నీ వ్యాసంలో ఆ మొదటి వాక్యం చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది, తర్వాత సిగ్గేసింది. నిజమే, వాడు నన్ను మోశాడు. రాళ్ళలో చెప్పుల్లేకుండా పరిగెత్తాడు. ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు, "వదినని నేనే బతికించాను" అని. కానీ మోసుకెళ్ళడానికి ఒక చోటు ఉండబట్టి కదా? అక్కడ దీపం వెలుగుతూ ఉండబట్టి, ఆ నర్సమ్మ లేచి వచ్చి సూది వెయ్యబట్టి కదా? కారులో గంటన్నర అయ్యుంటే వాడు మోసింది శవాన్నే. ఈ మాట వాడికి చెప్పాలని నోరు తెరిస్తే గుడగుడమని శబ్దం వస్తుంది, వాడు "నీళ్ళా వదినా?" అని గ్లాసు అందిస్తాడు. అంత మంచివాడు. అంత మంచివాడి ఎదురుగా, వాడి ఇంటి రొట్టె తింటూ, వాడికి వ్యతిరేకంగా గీత గియ్యడం నా వల్ల కాదు. గియ్యకుండా ఉండటం కూడా నా వల్ల కాదు.

ఓటు రహస్యం, అందర్నీ బయటికి వెళ్ళమని అడగొచ్చు అని నువ్వంటావు. నాకు తెలుసు. కానీ అడిగితే ఆ అడగడమే నా ఓటు చెప్పేస్తుంది. మరిదికి వేసేదానికి దాపరికం ఎందుకు? అదే తెర అనుకో, ఎవరికీ అనుమానం రాదు. మంచం పట్టిన ముసలిదాన్ని, మగవాళ్ళ ముందు కాళ్ళు చాపుకుని పడుకోవడం నాకు సిగ్గు అని పలక మీద రాసి చూపించాను. ఎసెన్‌బాయ్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఇన్నాళ్ళూ నాకు తోచలేదు వదినా, మన్నించు" అని తనే మేకులు తెచ్చి ఇచ్చాడు. ఆ మేకులు చూసి నాకు అన్నం సయించలేదు.

నాజిక్ కొట్టింది వాటిని. గోడ కాస్త పగిలింది. "మావయ్యకి నువ్వే చెప్పుకో పెద్దత్తా" అంది. నేను దాని మొహం చూశాను. కిటికీలో ఉత్తరాలు అదే చదువుతుందేమోనని ఇన్నాళ్ళు భయపడ్డాను. నిజంగానే చదివిందట! మొదటి నుంచీ అన్నీ. "పెద్ద అక్షరాలు రాసినప్పుడే అర్థమైంది" అంది. తన రెండో కాన్పు ఆ ఆరోగ్య కేంద్రంలోనే అయింది, దారి మూసుకుపోయిన రోజున. నేను మర్చిపోయాను, నాజిక్ మర్చిపోలేదు.

మేకులున్నాయి, తాడుంది, తెర లేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లు కట్టి చూశాం. బరువుకి జారిపోతున్నాయి. దుప్పటి కడితే ఇదేంటని అడుగుతారు కూడా. ఆ తెర ఐతే అందరికీ తెలుసు, నా కట్నపు పెట్టెలోది. చూసి మర్యాదకి తల వంచుకుంటారు.

నీకు కోపం తగ్గకపోతే నువ్వు రాకు. తెర ఒక్కటి పంపు.

నానమ్మ


కనుమ కింద, టీకొట్టు,
నవంబరు 14, శుక్రవారం

నా బంగారు నానమ్మా,

పొద్దున నీ ఉత్తరం అందగానే తెర పీకేశాను. లోపల గుచ్చుకున్న మాటలన్నీ జలజలా మంచం మీద రాలాయి. ఏరుకోలేదు. తెర సంచిలో కుక్కుకుని వ్యాన్ ఎక్కాను. దారంతా కాళ్ళు ఊపుతూనే ఉన్నానట, పక్కనున్న ఆవిడ "ఎవరికైనా బాగాలేదా అమ్మా?" అంది. "మా నానమ్మ ఓటు వేస్తోంది" అన్నాను. ఆవిడ జరిగి కూర్చుంది.

ఇప్పుడు వినకూడనిది విను. కనుమ మీద మంచు పడింది. వ్యాన్లని ఆపేశారు. రేపు పొద్దున్న ఏడింటికి గానీ వదలరట. ఇక్కడి నుంచి మన ఊరు మూడు గంటలపైనే. పెట్టె పదింటికి. నేను ఎన్నిసార్లు కూడినా అది పదింటికి ముందు రావట్లేదు. పోలీసాయన్ని బతిమాలాను. నాకు తెలిసిన మంచి మాటలన్నీ వాడాను. "అమ్మాయీ, మాటలతో మంచు కరగదు, వెళ్ళి టీ తాగు" అన్నాడు.

టీకొట్టులో ఒక బొగ్గు లారీ ఆయన ఉన్నాడు. చక్రాలకి గొలుసులున్నాయి, ఆయన్ని మాత్రం ఇప్పుడే పోనిస్తారట. మన బడికే బొగ్గు తెస్తున్నాడు. నన్ను ఎక్కించుకోడట, ముందు ఇద్దరున్నారు. తెర మాత్రం తీసుకెళ్ళి రాత్రికే పిన్ని చేతికి ఇస్తానన్నాడు. "ఏంటిది, పెళ్ళా?" అన్నాడు. అవునన్నాను. నానమ్మా, నా పెళ్ళి నేనే ఒప్పుకున్నాను చూడు.

ఆయన సూప్ తాగేలోపు ఈ ఉత్తరం అవ్వాలి. అందుకే వంకరటింకర అక్షరాలు.

నీ ఓటు గురించి నేను రాసిన ఆ వాక్యం కొట్టేశాను. మొత్తం వ్యాసం చింపేశాను. నీ నోటి నుంచి రాని మాట నేను రాసిపెట్టేద్దామనుకున్నాను. నిన్ను ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. అందర్నీ పిలవమని చెప్పింది కూడా నేనే కదా, ఇల్లు నిండింది నా వల్లే.

ఇంకోటి. తెరకి ఒక చిల్లు ఉంది. సానియా ఇస్త్రీపెట్టె పెట్టి మర్చిపోయింది, అరచెయ్యంత కాలింది. నీకు చెప్పకుండా దాచాను. ఇప్పుడే ఇక్కడ కూర్చుని నా తలగుడ్డ చింపి అతుకు వేశాను. టీకొట్టావిడ సూది ఇచ్చింది. కుట్లు పెద్దవి, రంగు కలవలేదు. ఆ అతుకు ఉన్న వైపు గోడకి రావాలి. ముందువైపు వస్తే కుట్ల మధ్య నుంచి కనిపిస్తుంది. పిన్నికి ఇది తప్పకుండా చూపించు. ముందు గోడవైపు మేకుకి అతుకు ఉన్న అంచు, తర్వాత కాళ్ళవైపు. కింద నేలకి తగిలేలా వదలమను, గాలికి లేవకుండా నా పుస్తకాలు రెండు నీ కట్నపు పెట్టెలో ఉన్నాయి, అంచు మీద పెట్టమను.

లోపల వెలుతురు తక్కువ ఉంటుంది. నా మంచం దగ్గర నాకు తెలుసు, ఎర్రగా చీకటిగా ఉంటుంది, అక్షరాలు కనపడవు. దిండు పక్కన చిన్న బ్యాటరీ దీపం పెట్టుకో. దాన్ని మాత్రం నీకూ గోడకీ మధ్య పెట్టకు, నీ నీడ తెర మీద పడితే చెయ్యి ఎటు కదిలిందో తెలిసిపోతుంది. ఇది నేను సానియా వాళ్ళ దగ్గర నేర్చుకున్నాను, నేను తెర లోపల ఏడిస్తే వాళ్ళకి తెలిసిపోయేది.

చిన్నతాత మేకులు తెచ్చాడన్న చోటు రెండుసార్లు చదివాను. ఆయనకి ఎప్పటికైనా చెప్పాలా? నాకు తెలియదు. నువ్వు చెప్పమన్ననాడు నేను చెప్తాను, నీ పలక చదివి, ఒక్క మాట కూడా కలపకుండా.

లారీ ఆయన లేచాడు. ఉత్తరం తెర మడతలో, అతుకు దగ్గర పెడుతున్నాను. తెర విప్పేటప్పుడు పిన్ని ఒడిలో పడాలి.

రేపు పొద్దున్న ఇలా చేద్దాం. వెలుగు రాగానే పిన్ని తెర కడుతుంది. పదింటికి పెట్టె వస్తుంది. పెట్టెవాళ్ళకి ముందు రొట్టె, తర్వాత టీ, తర్వాత మళ్ళీ టీ; అంతసేపూ నువ్వు తొందరపడకు, కానీ నా కోసం మాత్రం ఆగకు. కాగితం చేతికి రాగానే తెర పూర్తిగా దగ్గరికి లాగమని పిన్నికి సైగ చెయ్యి. నేను ఏడింటికి మొదటి వ్యాన్ ఎక్కుతాను. నేను వచ్చేసరికి నీ పని కాకపోయి ఉంటే, తలుపు దగ్గర చెప్పులు విప్పి, నేరుగా వచ్చి తెరకి నా వీపు ఆనించి కూర్చుంటాను, చిన్నతాతకి ఎదురుగా, ఆయన కప్పులో టీ పోస్తూ.

జిబెక్